ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఉద్యోగానికి ఏ కాలేజీ? నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు అంచెలవారీ మార్గదర్శి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి డిగ్రీ ప్రవేశాల దోస్త్ చివరి విడత ముగిసేదాకా మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి ఒకే ప్రశ్న వస్తుంటుంది: "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగం రావాలంటే ఏ కాలేజీలో చేర్చాలి?" అడిగేది ఎక్కువగా తండ్రులు. పిల్లల ప్రశ్న వేరు: "మాది చిన్న కాలేజీ, ఇక ఆశ వదులుకోవలసిందేనా?" రెండింటికీ జవాబు ఇక్కడే ఉంది. వరుస తప్పకుండా చదవండి. మొదటి అంచె వదిలేసి నేరుగా కాలేజీల పేర్లలోకి వెళ్లినవాళ్లే ఫీజులు పోగొట్టుకుంటున్నారు.

1. ముందు ఏ ఉద్యోగమో తేల్చుకోండి

ఒకే పేరు కింద మూడు రకాల పనులు నడుస్తున్నాయి.

మొదటిది, డీల్ టీం. కంపెనీలను అమ్మిపెట్టడం, కొనిపెట్టడం, విలీనాలు, ఐపీఓలు (కంపెనీ షేర్లను మొదటిసారి ప్రజలకు అమ్మడం). మన దేశంలో ఈ పనికి కేంద్రం ముంబయి. విదేశీ బ్యాంకుల ముంబయి కార్యాలయాలు, కోటక్, యాక్సిస్ క్యాపిటల్, జేఎం ఫైనాన్షియల్, అవెండస్, ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్ లాంటి సంస్థలు ఇందులో ఉన్నాయి. టీంలు చిన్నవి, ఖాళీలు తక్కువ.

రెండోది, హైదరాబాద్‌లోని ప్రపంచ బ్యాంకుల కేంద్రాలు. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో ఇక్కడ కార్యాలయం తెరిచింది. జేపీ మోర్గాన్, యూబీఎస్, వెల్స్ ఫార్గో కూడా ఉన్నాయి. న్యూయార్క్, లండన్ డీల్ టీంలకు కావలసిన లెక్కలు, పిచ్ బుక్కులు (క్లయింటుకు చూపించే ప్రతిపాదన పత్రాలు), పోలికల పట్టికలు ఇలాంటి కేంద్రాల్లో తయారవుతాయి. అయితే అదే భవనంలో సాఫ్ట్‌వేర్, రిస్క్, ఆపరేషన్స్ వాళ్లే చాలా ఎక్కువమంది. బ్యాంకు పేరున్న ఐడీ కార్డు మెడలో ఉన్నంత మాత్రాన అందరూ బ్యాంకర్లు కారు.

మూడోది, ఆపరేషన్స్. జరిగిపోయిన లావాదేవీల సెటిల్‌మెంట్ (డబ్బు, షేర్లు చేతులు మారేలా చూడటం), లెక్కలు సరిచూడటం (రికన్సిలియేషన్), కేవైసీ (ఖాతాదారుల గుర్తింపు తనిఖీ). అమీర్‌పేటలో 'ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సు' బోర్డు కింద నేర్పేది చాలావరకు ఇదే. గౌరవమైన ఉద్యోగమే, నెల జీతం వస్తుంది, బీకాంతో దొరుకుతుంది. కానీ ఇక్కడి నుంచి మొదటి రకానికి మారడం చాలా అరుదు. ఆ మాట కోర్సు అమ్మేవాళ్లు చెప్పరు.

తేడా పట్టుకోవడం తేలిక. ఉద్యోగ ప్రకటనలో పని వివరం చదవండి. వాల్యుయేషన్ (కంపెనీకి విలువ కట్టడం), ఫైనాన్షియల్ మోడల్ (కంపెనీ రాబోయే లెక్కల ఎక్సెల్ అంచనా), పిచ్ బుక్ అన్న మాటలుంటే ఒకటి లేదా రెండు. సెటిల్‌మెంట్, రికన్సిలియేషన్, కేవైసీ అని ఉంటే మూడు.

ఇక్కడి నుంచి రాసేదంతా మొదటి రెండింటి గురించి.

2. కాలేజీ పేరు ఎక్కడ పనిచేస్తుందో అర్థం చేసుకోండి

ఒక డీల్ టీం ఏడాదికి తీసుకునేది కొద్దిమందినే. ఆ కొద్దిమంది కోసం దేశమంతా తిరగరు. నాలుగైదు క్యాంపస్‌లకు వెళ్లి, వందల రెజ్యూమెల్లోంచి కొన్ని ఏరి, వాళ్లతో మాత్రమే మాట్లాడతారు. ఏరడానికి కూర్చునేది కూడా చాలాసార్లు అదే కాలేజీలో చదివి ఆ బ్యాంకులో చేరిన పాత విద్యార్థులే. కాలేజీ పేరు పనిచేసేది ఈ ఏరివేత దగ్గరే. ఇంటర్వ్యూలో కూర్చున్నాక మూడు ఆర్థిక నివేదికలు (లాభనష్టాలు, ఆస్తి అప్పులు, నగదు రాకపోకలు) ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో చెప్పలేకపోతే ఏ కాలేజీ పేరూ కాపాడదు.

ఎంబీఏ స్థాయిలో ముంబయి బ్యాంకులు ముందు చూసేది ఐఐఎం అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా. ఆ తర్వాత ఐఎస్‌బీ, ఢిల్లీ ఎఫ్ఎంఎస్, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, మరికొన్ని. డిగ్రీ స్థాయిలో ఢిల్లీ శ్రీరామ్ కాలేజీ ఆఫ్ కామర్స్, సెయింట్ స్టీఫెన్స్, పాత ఐఐటీలు, ఇంకా కొన్ని. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాలకు గానీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కళాశాలకు గానీ, మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల క్యాంపస్‌లకు గానీ డీల్ టీంలు నియామకాలకు రావు. ఇది నిష్ఠురమైన మాటే. అయినా ముందే తెలిస్తే నష్టం లేదు: అక్కడ చదివే విద్యార్థికి దారి డిగ్రీ చివర కాకుండా, డిగ్రీ తర్వాతి మజిలీలో తెరుచుకుంటుంది.

ఇంకో వడపోత గురించి చాలామందికి తెలియదు. పెద్ద ఐఐఎంలో సీటు వచ్చాక కూడా పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులను బ్యాంకులు చూస్తాయి. పైగా అసలు పరీక్ష మొదటి ఏడాదిలోనే వస్తుంది. క్యాంపస్‌లో చేరిన కొద్ది నెలలకే వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికలు జరుగుతాయి, ఇంటర్న్‌షిప్ బాగా చేసినవాళ్లకే ముందస్తు ఉద్యోగ ప్రతిపాదన అందుతుంది. ఆ కొద్ది నెలల్లో కొత్తగా సాధించి రెజ్యూమెలో చేర్చడానికి సమయం ఉండదు. డిగ్రీలో చేసిందే అక్కడ కనబడుతుంది.

3. కాలేజీ అసలు సంగతి తెలుసుకునే పద్ధతి

కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉండే 'అత్యధిక ప్యాకేజీ' ఒక్కరిది. మీకు కావలసింది ఆ వరుస మధ్యలో నిలబడినవాడి జీతం. ఈ క్రమంలో వెతకండి:

- కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ కోసం కాలేజీలు సమర్పించే వివరాల్లో ఉద్యోగం వచ్చినవారి మధ్యస్థ జీతం, ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పై చదువుకు వెళ్లారు అన్నవి ఉంటాయి. కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఆ పత్రం దొరుకుతుంది.
- ఎంబీఏ అయితే ఐఐఎం అహ్మదాబాద్ లాంటి సంస్థలు ఆడిట్ చేయించి ప్రచురించే ప్లేస్‌మెంట్ నివేదిక చదవండి. అందులో ఫైనాన్స్ రంగంలో ఎందరు చేరారు, ఖాయంగా చేతికొచ్చే జీతం ఎంత, 'రావచ్చు' అన్న బోనస్ ఎంత అన్నవి విడివిడిగా ఉంటాయి.
- లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిచి, పూర్వ విద్యార్థుల విభాగంలో బ్యాంకు పేరు కొట్టండి. పేర్లు కనబడగానే సంతోషించకండి. ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి చూడండి. ఈ కాలేజీ నుంచి నేరుగా చేరారా, లేక మధ్యలో ఐఐఎం, సీఏ ఉందా? ఉద్యోగం పేరు ఏమిటి? ఏ ఊరు? ఏ సంవత్సరం?

మూడో పని విసుగు పుట్టిస్తుంది, కానీ నిజం అక్కడే దొరుకుతుంది. పదిమంది పేర్లు కనబడి, అందులో ఎనిమిదిమంది ఆపరేషన్స్‌లో, మిగతా ఇద్దరు ఐఐఎం మీదుగా వెళ్లి ఉంటే, ఆ కాలేజీ బ్యాంకింగ్‌కు తీసుకెళ్తుందన్న మాటకు అర్థం లేదు.

క్యాంపస్ విషయంలోనూ జాగ్రత్త. ఎన్‌ఎంఐఎంఎస్ ప్రధాన క్యాంపస్ ముంబయిలో ఉంది. హైదరాబాద్ క్యాంపస్ అని పిలిచేది మన జడ్చర్లలో ఉంది. ఒకే సంస్థకు పలు క్యాంపస్‌లున్నప్పుడు ఒక చోటికి వచ్చే కంపెనీ ఇంకో చోటికీ వస్తుందని అనుకోకూడదు. "ఈ క్యాంపస్‌కు, ఈ కోర్సుకు, పోయిన ఏడాది వచ్చిన సంస్థల జాబితా ఇవ్వండి" అని అడగండి. ఇవ్వకుండా నోటితో చెబితే నోట్ చేసుకోకండి.

4. మీ పరిస్థితికి తగిన దారి ఎంచుకోండి

బీకాం తర్వాత క్యాట్, అంటే ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష. ఖర్చు తక్కువ, మన జిల్లాల పిల్లలకు అందుబాటులో ఉన్నది ఇదే. క్యాట్ ఏటా నవంబరు చివర్లో జరుగుతుంది. ఇంగ్లిష్, తర్కం, గణితం మూడు భాగాలు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. డిగ్రీలో 50 శాతం ఉంటే రాయవచ్చు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. ఐఐఎం అహ్మదాబాద్ తన ఎంపికలో పది, ఇంటర్, డిగ్రీ మార్కులు మూడింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. అభ్యర్థులను డిగ్రీ కోర్సులవారీగా విడదీసి కూడా చూస్తుంది. కాబట్టి కామర్స్ చదివినవారు ఇంజినీర్ల గుంపులో కొట్టుకుపోతారన్న భయం అక్కర్లేదు.

సీఏ. కాలేజీ పేరు అడగని దారి ఇదొక్కటే. ఇక్కడ ఆ స్థానంలోకి ఆర్టికల్‌షిప్ (ఆడిట్ సంస్థలో చేసే శిక్షణ) వస్తుంది, ఇప్పుడు అది రెండేళ్లు. ఊళ్లో తెలిసిన ఆడిటర్ దగ్గర జీఎస్‌టీ రిటర్నులు వేస్తూ ఆ రెండేళ్లు గడిపితే బ్యాంకుల దృష్టిలో అది అకౌంట్ల అనుభవం మాత్రమే. హైదరాబాద్‌లోని డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ సంబంధిత సంస్థల్లోనో, వాల్యుయేషన్ పని ఉన్న మధ్యతరహా సంస్థల్లోనో చేరితే కథ మారుతుంది. మొదటి ప్రయత్నంలోనే పాసవడానికి ఇక్కడ చాలా విలువ ఉంది. సరైన సన్నద్ధత లేకుండా రాసి చూద్దామనుకోకండి.

ఇంటర్ అయిన వెంటనే బయటికి. ఢిల్లీ విశ్వవిద్యాలయ కాలేజీలకు 2022 నుంచి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు. ఎకనామిక్స్ ఆనర్స్‌కు గణితం తప్పనిసరి, అంటే సీఈసీ చదివినవారికి ఆ తలుపు మూసుకున్నట్టే. ఈ దారి మనసులో ఉంటే ఇంటర్‌లో ఎంఈసీ గానీ ఎంపీసీ గానీ తీసుకోవాలి. ఐఐఎం ఇండోర్ 2011 నుంచి ఐదేళ్ల కోర్సు నడుపుతోంది, దానికి ఐపీమ్యాట్ అనే వేరే పరీక్ష. దోస్త్ కాలేజీలకు అందే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఢిల్లీలోనూ అలాగే వస్తుందని అనుకోకండి. ముందే ఈ-పాస్‌లో విచారించండి.

ఇంజినీరింగ్. ఒక తండ్రి ఫోనులో, "బాబుకు మంచి ర్యాంకే వచ్చింది సార్, సీఎస్ఈ వదిలి బీకాంలో చేర్పించమంటారా?" అన్నారు. "వద్దండీ, సీఎస్ఈ చదవనివ్వండి. క్యాట్ ఎటూ ఏ డిగ్రీ ఉన్నా రాయవచ్చు" అన్నాను. మంచి ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చినవారు దాన్ని వదులుకోనక్కర్లేదు. హైదరాబాద్ బ్యాంకు కేంద్రాల్లో వాళ్లకు ఇతర ఉద్యోగాలు కూడా ఎక్కువ.

విదేశం. ఇక్కడ కాలేజీ పేరు ఇంకా కఠినంగా పనిచేస్తుంది. అమెరికా బ్యాంకులు డిగ్రీ విద్యార్థుల వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఏడాదికి పైగా ముందే ఎంపికలు మొదలుపెడతాయి. లండన్‌లో ఏడాది మాస్టర్స్‌కు వెళ్లినవారికి క్లాసులు మొదలైన సెప్టెంబరు, అక్టోబరులోనే దరఖాస్తుల గడువులు నడుస్తుంటాయి. విమానం దిగాక నిదానంగా చూసుకుందామంటే కుదరదు. పేరులేని విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చేసి వాల్ స్ట్రీట్‌లో చేరతామన్న ఆలోచన ఉంటే దాన్ని మానుకోమనే నా సలహా. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యకు రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల రూపాయల దాకా సాయం ఇచ్చే పథకాలున్నాయి. వాటిని గట్టి విశ్వవిద్యాలయం కోసం దాచుకోండి.

డబ్బు సంగతి. ఐఐఎం అహ్మదాబాద్ రెండేళ్ల ఫీజు 25 లక్షలు దాటింది, ఎఫ్ఎంఎస్ ఢిల్లీలో అది రెండు మూడు లక్షల దరిదాపులోనే. పెద్ద సంస్థల్లో సీటు వస్తే తాకట్టు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఏడాదికి 8 లక్షలలోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అందుకే, పొలం అమ్మి చిన్న ఎంబీఏ కాలేజీకి 12 లక్షలు కట్టడం కన్నా, ఇంకో ఏడాది ఆగి క్యాట్ మళ్లీ రాయడం మేలు.

5. చిన్న కాలేజీలో ఉన్న మూడేళ్లలో చేయవలసినవి

మొదటి ఏడాది: మార్కులు, అకౌంట్లు, ఎక్సెల్. మౌస్ ముట్టకుండా ఎక్సెల్ వాడటం అలవాటు చేసుకోండి. ఇంగ్లిష్ వ్యాపార పత్రిక రోజూ ఒక పేజీ చదవండి, అది క్యాట్‌కు కూడా పనికొస్తుంది.

రెండో ఏడాది: మీ చుట్టూ ఉన్న కంపెనీల లెక్కలు విప్పండి. మనకు వీటి కొరత లేదు. చౌటుప్పల్ దగ్గర దివీస్, జడ్చర్ల సెజ్‌లో మందుల కంపెనీలు, మట్టంపల్లిలో సాగర్ సిమెంట్స్. షేర్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. ఒక కంపెనీవి ఐదేళ్ల నివేదికలు తీసి, అంకెలు మీ చేత్తో ఎక్సెల్‌లో ఎక్కించండి.

డీల్‌ను ఎలా చదవాలో ఒక ఉదాహరణ. 2024 జూన్‌లో అంబుజా సిమెంట్స్ పెన్నా సిమెంట్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. పెన్నా ప్లాంట్లలో ఒకటి ఉమ్మడి నల్లగొండ జిల్లా గణేశ్‌పహాడ్‌లో ఉంది. ఎంటర్‌ప్రైజ్ విలువ 10,422 కోట్ల రూపాయలు. వాటాల విలువకు అప్పు కలిపి, చేతిలోని నగదు తీసేస్తే వచ్చే మొత్తం అది. సామర్థ్యం ఏడాదికి 1.4 కోట్ల టన్నులు, అందులో కోటి టన్నులే అప్పటికి నడుస్తున్నాయి, మిగతాది నిర్మాణంలో ఉంది. మొత్తం సామర్థ్యంతో భాగిస్తే టన్నుకు సుమారు 7,444 రూపాయలు. నడుస్తున్న దానితో భాగిస్తే టన్నుకు 10,422. ఒకే డీల్, రెండు ధరలు. ఏది చవక, ఏది ఖరీదు? కొత్త ప్లాంటు కట్టాలంటే టన్నుకు ఎంతవుతుంది? మిగిలిన నిర్మాణం పూర్తిచేయడానికి ఇంకా ఎంత పెట్టాలి? ఈ ప్రశ్నలకు రెండు పేజీల్లో జవాబు రాసుకున్న విద్యార్థి, డీల్ గురించి చెప్పమన్నప్పుడు తడుముకోడు.

మూడో ఏడాది: షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లో ఐపీఓ ముసాయిదా పత్రాలుంటాయి. వందల పేజీలు చూసి భయపడకండి. ఇష్యూ లక్ష్యాలు, రిస్కులు, ఇష్యూ ధరకు ఆధారం అన్న మూడు భాగాలు చాలు. తర్వాత మొదటి పేజీకి రండి. అడుగున లీడ్ మేనేజర్ల (ఐపీఓను నడిపించే సంస్థల) పేర్లుంటాయి. పదిహేను ఐపీఓల మొదటి పేజీలు చూస్తే ఈ దేశంలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులేవో మీకే జాబితా తయారవుతుంది.

ఆ జాబితాలో పెద్ద పేర్లతోపాటు చిన్న కంపెనీల ఐపీఓలు చేసే మర్చంట్ బ్యాంకర్లు (సెబీ భాషలో ఇలాంటి సంస్థలకు పేరు ఇదే) కనబడతారు. నమోదైన మర్చంట్ బ్యాంకర్ల పట్టిక, చిరునామాలతో సహా సెబీ ప్రచురిస్తుంది. ఇలాంటి చిన్న సంస్థలకు పని చేసే చేతులు కావాలి, కాలేజీ పేరు పట్టింపు తక్కువ. సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ మర్చంట్ బ్యాంకింగ్ పరీక్ష పాసై వెళ్తే ఇంకా మంచిది. జీతం లేని మూడు నెలల ఇంటర్న్‌షిప్ అయినా, ఒక ముసాయిదా పత్రం తయారీలో చేయి పెట్టిన అనుభవం ఐఐఎం రెజ్యూమెలో మొదటి వరుసలో నిలుస్తుంది.

6. పరిచయం లేనివారికి రాసే పద్ధతి

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు నుంచి వెళ్లి ఈ రంగంలో ఉన్నవారు తక్కువే, కానీ ఉన్నారు. మన ఊరివాళ్లు రాశారంటే చాలామంది జవాబిస్తారు. సందేశం నాలుగు వాక్యాలు మించకూడదు: మీరెవరు, ఏ ఊరు, ఏ చదువు, వాళ్ల దారిలో మీకు నచ్చిన ఒక మలుపు, మీరు చేసిన ఒక పని, పైన చెప్పిన సిమెంట్ లెక్క లాంటిది, పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం. మొదటి సందేశంలోనే ఉద్యోగం అడగవద్దు, రెజ్యూమె జత చేయవద్దు. పది రోజులకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

7. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

సీఏ, సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత), క్యాట్ మూడూ ఒకేసారి మొదలుపెట్టడం. మూడూ సగంలో ఆగుతాయి. క్యాట్ గానీ సీఏ గానీ ఒకటే ఎంచుకోండి. సీఎఫ్‌ఏ మొదటి స్థాయి డిగ్రీ పూర్తవడానికి ముందే రాయవచ్చు, కానీ ఫీజు డాలర్లలో ఉంటుంది. అది ఉన్న తలుపును కాస్త వెడల్పు చేస్తుందే తప్ప లేని తలుపును తెరవదు.

డిగ్రీ మార్కులను తేలిగ్గా తీసుకోవడం. పది, ఇంటర్ మార్కులు ఇప్పుడు మారవు. డిగ్రీవి ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. మొదటి ఏడాది దెబ్బతిన్నా తర్వాతి సెమిస్టర్లలో పైకి తీసుకురండి.

మొదటి క్యాట్‌లో వచ్చిన కాలేజీలో చేరిపోవడం. అక్కడికి ఫైనాన్స్ సంస్థలు రాకపోతే రెండేళ్లు, డబ్బు పోయినట్టే. ఉద్యోగం చేస్తూ మళ్లీ రాయండి. ఐఎస్‌బీ లాంటి చోట్ల సాధారణంగా రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు కాబట్టి ఆ సమయం వృథా కాదు.

ఇంగ్లిష్‌లో మాట్లాడటాన్ని వాయిదా వేయడం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు లెక్కల్లో వెనకబడరు, ఇంటర్వ్యూలో వెనకబడతారు. రోజూ ఒక వార్త చదివి, ఫోనులో రెండు నిమిషాలు మీ మాటల్లో రికార్డు చేసి వినండి. మొదట ఇబ్బందిగా ఉంటుంది, అయినా మానకండి.

8. ఫీజు కట్టే ముందు చూసుకోవలసిన జాబితా

- ఈ క్యాంపస్‌కు, ఈ కోర్సుకు వచ్చిన ఫైనాన్స్ సంస్థల జాబితా రాతపూర్వకంగా ఇచ్చారా?
- వాళ్లు ఇచ్చిన ఉద్యోగం డీల్ పనా, ఆపరేషన్సా?
- మధ్యస్థ జీతం ఎంత? ఎంతమందికి ఉద్యోగం రాలేదు?
- లింక్డ్‌ఇన్‌లో ఈ కాలేజీ నుంచి నేరుగా వెళ్లినవారు కనీసం ఇద్దరు ముగ్గురు దొరికారా?
- హాస్టల్ కలిపి మొత్తం ఖర్చెంత? మధ్యస్థ జీతంతో నెల వాయిదా కట్టగలరా?
- సీటు వదులుకుంటే ఎంత ఫీజు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?
- ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకుంటామంటున్నారా? యూజీసీ నిబంధనల ప్రకారం పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. తిరిగి ఇవ్వబోమంటే నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్‌తో బయటికి వచ్చేయండి.